కాంటు వారసు లెవరు?

తూర్పు ప్రష్యాదేశమునందలి కోనిగ్స్‌బర్గు పట్టణమున, గుఱ్ఱములకు తోలుపట్టెడలు కుట్టి జీవించు ఒక పనివాని యింట, 1724 ఏప్రిలు 22వ తేదీన ఇమ్మాన్యుయేలు కాంటు జన్మించెను. ఆయన త్రిశతజయంతి 2024 ఏప్రిలులో జరిగినది. ఇట్టి యుత్సవములయందు పూలమాలలును ఉపన్యాసములును తప్ప సాధారణముగా వేఱు విశేష ముండదు. ఆ పర్యాయము మాత్రము రెండు రాజ్యములు ఆ తత్త్వవేత్తనుగూర్చి బహిరంగముగా వాదులాడుకొనినవి. ఆ యేడు జనవరిలో రష్యా అధ్యక్షుడు పుటిను ఆ పట్టణపు విశ్వవిద్యాలయమున విద్యార్థులతో ప్రసంగించుచు కాంటును గౌరవముతో స్మరించెను. మఱుమాసముననే ఆ మండలపు గవర్నరుగా నుండిన అలిఖానోవు, నేటి లోకసంక్షోభమునకును యుక్రెయిను యుద్ధమునకును కాంటు భావములతో దాదాపు ప్రత్యక్షసంబంధము కలదని పలికెను. జయంతిసభలో నాటి జర్మను చాన్సలరు షోల్ట్జు, పొరుగుదేశముపై దండెత్తినవానికి కాంటు పేరెత్తుటకు లేశమైనను హక్కు లేదని బదులు చెప్పెను. కాంటు పుట్టినయూరిలో జరుగవలసిన అంతర్జాతీయ కాంటు మహాసభ యుద్ధకారణమున అచ్చట జరుగక, సెప్టెంబరులో జర్మనీయందలి బాన్ నగరమున జరిగినది.

ఇది పండితుల జగడమని తలచి పుట త్రిప్పువారు పొరబడుదురని మా యభిప్రాయము. ఇది వారసత్వ వ్యాజ్యము. ఇట్టి వ్యాజ్యమున విచారింపవలసిన యంశములు మన వకీళ్లకు క్రొత్తవి కావు. ఆస్తి యేది? దాయాదు లెవరు? ఆస్తితో కూడ వచ్చు ఋణభార మెంత? ఈ మూటిని వరుసగా విచారించినగాని తీర్పు చెప్పుటకు వీలులేదు.

మొదట స్వాధీనపు సంగతి. 1758 జనవరిలో రష్యా సేనలు కోనిగ్స్‌బర్గును ఆక్రమించినవి. 1762 వఱకును ఆ పట్టణము రష్యా చక్రవర్తిని ఎలిజబెత్తు యేలుబడిలో నుండెను. యువకుడైన కాంటు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని కోరుచు ఆమెకే విజ్ఞాపనపత్రము పంపెను. పదవి వేఱొకనికి దక్కినది. 1945లో ఎఱ్ఱసేన ఆ పట్టణమును ముట్టడించి గైకొన్నది. 1946లో దానికి కాలినిన్‌గ్రా డని పేరు పెట్టిరి. జర్మను ప్రజలు అచ్చటినుండి తొలగింపబడిరి. శిథిలమైన ప్రధానదేవాలయపు గోడ ప్రక్కన కాంటు సమాధి మాత్రము మిగిలినది. 2005లో అచ్చటి విశ్వవిద్యాలయమునకు కాంటు పేరు పెట్టబడినది. 2018లో విమానాశ్రయమునకును ఆయన పేరు పెట్టవలెనను ప్రతిపాదన లేచినపుడు కొందఱు ఆయన విగ్రహముపై రంగు చల్లిరి. తుదకు ఆ గౌరవము, నాడు ఆయన విజ్ఞాపనమును స్వీకరించిన ఎలిజబెత్తు చక్రవర్తినికే దక్కినది. సమాధి యొకరి చేతిలో నున్నది. భాష వేఱొకరి నోట నున్నది. కాని స్వాధీనము వేఱు, హక్కు వేఱు.

ఈ భేదమునే తత్త్వశాస్త్రమునకు మూలస్తంభముగా నిలిపినవాడు కాంటు. 1781లో వెలువడిన ‘శుద్ధబుద్ధి విమర్శ’ను ఆయన ఒక న్యాయస్థానముగా భావించెను. బుద్ధియే వాది, బుద్ధియే ప్రతివాది, బుద్ధియే న్యాయాధిపతి. ఆ కాలపు న్యాయవాదులు వాస్తవమునకు సంబంధించిన ప్రశ్నను హక్కునకు సంబంధించిన ప్రశ్ననుండి వేఱు చేయుచుండిరి. ఆ పద్ధతినే ఆయన గ్రహించెను. కారణమునుండి కార్యము పుట్టునని మన మందఱము నమ్ముచున్నాము. ఆ నమ్మకమునకు ఆధార మేమని స్కాట్లండు తత్త్వవేత్త హ్యూము ప్రశ్నించి, అలవాటే తప్ప వేఱేమియు లేదని తేల్చెను. అనగా మనకు స్వాధీనము కలదు గాని దస్తావేజు లేదని యర్థము. కాంటు ఆ దస్తావేజును వెదకెను. దేశము, కాలము, కార్యకారణసంబంధము అనునవి మనము బయటినుండి పోగుచేసికొనినవి కావనియు, ఏ యనుభవమైనను కలుగుటకు ముందే బుద్ధి సమకూర్చు చట్రము లనియు, అవి లేనిచో అనుభవమే యుండదనియు ఆయన వాదించెను. కావున వానిని వాడుకొనుటకు మనకు హక్కు కలదు. అయితే ఆ హక్కునకు అధికారపరిధి కలదు; అది అనుభవముతో ముగియును. ఈశ్వరుడు, ఆత్మ, విశ్వముయొక్క ఆద్యంతములు అనువానినిగూర్చి బుద్ధి ఇరుపక్షములను సమానబలముతో వాదింపగలదు గాని తీర్పు చెప్పజాలదు. బుద్ధికి పట్టా యిచ్చినవాడును, ఎల్లలు పాతినవాడును ఒక్కడే.

నీతివిషయమున ఆయన చేసిన పని యింతకన్న గొప్పది. 1785 నాటి గ్రంథమునను 1788 నాటి రెండవ ‘విమర్శ’యందును, స్వేచ్ఛ యనగా ఇష్టము వచ్చినట్లు చరించుట కాదనియు, తనకు తానే విధించుకొనిన ధర్మమునకు కట్టుబడుట యనియు స్థాపించెను. ఆ ధర్మము నిజముగా ధర్మమా కాదా యని తెలిసికొనుట యెట్లు? నీవు నడచు నియమము ఎల్లవారికిని నియమ మగుటకు నీవు సమ్మతింతువా? ఎదుటి మనుష్యుని కేవలము నీ పనికి సాధనముగా వాడుకొనుచున్నావా, లేక వానియందును నీవంటి గౌరవమును గుర్తించుచున్నావా? రాజైనను, పురోహితుడైనను, సేనాధిపతియైనను ఈ ప్రశ్నలకు బదులు చెప్పవలసినదే. ‘ఏ హక్కున?’ అను ప్రశ్నయే కాంటు విడిచిపోయిన ఆస్తి.

ఇక దాయాదుల ప్రసక్తి. కాంటు పాతిన యెల్ల వెంటనే వివాదాస్పద మైనది. మనకు గోచరించునది వస్తువుయొక్క ఆభాసమే యనియు, దాని నిజస్వరూపము మనకు అగోచర మనియు ఆయన చెప్పెను. అగోచరమైన వస్తు వొకటి కలదని తెలిసిన దెట్లని యాకోబి మొదలగువారు ఆక్షేపించిరి. జర్మను భావవాదమను మహావృక్ష మంతయు ఈ యొక్క చిక్కునుండి మొలచినదే.

దాయాదులలో మొదటివాడు ఫిక్టే. పట్టీలు నేయు పేదకుటుంబమువాడు. 1792లో ఆయన మొదటి గ్రంథము కర్త పేరు లేక వెలువడగా, చదివినవారు దానిని కాంటు రచనయే యనుకొనిరి. నిజము కాంటే వెల్లడింపగా ఫిక్టే ఒక్కదినమున ప్రసిద్ధుడై, 1794లో యేనా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆయన ఎల్లరాయిని పెకలించివేసెను. వెలుపలి వస్తువు మూలము కాదు, ‘నేను’ అను చైతన్యముయొక్క స్వతంత్రక్రియయే సర్వమునకు మూల మనెను. వృద్ధుడైన కాంటు 1799లో పత్రికాముఖమున ప్రకటన చేసి, ఆ సిద్ధాంతముతో తనకు సంబంధము లేదని త్రోసిపుచ్చెను. తండ్రి బ్రతికియుండగనే దాయాదిని కాదనుట తత్త్వచరిత్రలో అరుదైన ఘట్టము. నాస్తికుడను నిందవలన ఆ యేడే ఫిక్టే యేనాలో పదవిని కోలుపోయెను.

పిమ్మట 1807–08 శీతకాలమున, ఫ్రెంచి సేనల యధీనమునందున్న బెర్లినులో, ఆయన జర్మను జాతి నుద్దేశించి ఉపన్యాసములు చేసెను. అందు ‘నేను’ అనునది ‘జాతి’గా మాఱినది. వేఱుభాష యున్నచోట వేఱుజాతి కలదనియు, దానికి స్వపరిపాలనాధికారము కలదనియు ఆయన వాదన. పరాధీనమైన దేశమున ఆ మాట ఎంత ధైర్యము నిచ్చెనో ఊహింపవచ్చును. కాని అందొక సంకటమును కలదు. భాషయే జాతికి ఎల్లయైనచో, ఇతరభాషా ప్రాంతములయందు తరతరములుగా స్థిరపడినవారి స్థానమేమి? తమిళ, కన్నడ, ఉత్కళ, మహారాష్ట్ర ప్రాంతములలో ఇండ్లు కట్టి, పొలములు దున్ని, ఇంట తెలుగును వీధిలో ఇంకొక భాషను పలుకు మనవారికి ఇది గ్రంథములలోని ప్రశ్న కాదు. ప్రతిమనుష్యునియందును గౌరవమును గుర్తించుమను కాంటు నియమమే అట్టివారికి రక్ష. కేవల జాతివాదము వారికి రక్ష కాదు.

రెండవవాడు షెల్లింగు. ప్రకృతి నిద్రించుచున్న చైతన్యమనియు, మనుష్యునియందు అది మేల్కొనుననియు ఆయన భావించెను. ఇది విన్నచో మన వేదాంతులు తలయూపుదురు. ట్యూబింగెను మఠవిద్యాలయమున షెల్లింగునకు సహాధ్యాయియై, తుదకు అందఱిని మించినవాడు హెగెలు. 1806 అక్టోబరులో నెపోలియను సేనలు యేనాను గెలిచిన దినములయందే ఆయన తన మొదటి మహాగ్రంథమును ముగించుచుండెను. మనుష్యుడు ఒంటరిగా స్వతంత్రుడు కాజాలడు, ఇంకొకడు తన్ను స్వతంత్రునిగా గుర్తించినపుడే స్వతంత్రు డగునని ఆయన చూపెను. దాసుని దాసునిగా నిలిపిన ప్రభువునకు దొరకు మన్నన విలువలేని మన్నన. శ్రమించి వస్తువును మార్చు దాసునికే తన శక్తి తనకు తెలియును. ఈ విశ్లేషణము నుండియే కాలక్రమమున మార్క్సు మొదలు, ఫ్రెంచి వలసలయందలి నల్లజాతివారి మనోవేదనను 1952లో వర్ణించిన ఫానను వఱకును, ఎందఱో తమ యాయుధములను గైకొనిరి.

అయితే హెగెలు చేసిన గొప్పమార్పును పాఠకులు గమనింపవలెను. కాంటు బుద్ధిని న్యాయస్థానముగా నిలిపెను; హెగెలు చరిత్రను న్యాయస్థానముగా నిలిపెను. జాతుల పుట్టుకయు పతనమును చూచి, స్వేచ్ఛ క్రమముగా ఒకనినుండి కొందఱకును, కొందఱనుండి అందఱకును వ్యాపించుచున్నదని ఆయన చెప్పెను. 1821 తేదీతో వెలువడిన ధర్మశాస్త్రగ్రంథమున రాజ్యమును స్వేచ్ఛకు పరిపూర్ణరూపముగా వర్ణించెను. ఆయన కోరినది నిరంకుశత్వము కాదు. బహిరంగ న్యాయవిచారణను, జ్యూరీపద్ధతిని సమర్థించినవా డాయన. గెలిచినదెల్ల న్యాయమని ఆయన ఎన్నడును అనలేదు. ఐనను చరిత్రను న్యాయపీఠముపై కూర్చుండబెట్టినపుడు, గెలిచినవాడు డిక్రీని తన జేబులోనే తెచ్చుకొనును. ఓడినవానికి అప్పీలు చేయుటకు చోటు లేదు. ఈ ప్రమాదమును ఆయన తప్పింపలేకపోయెను.

1831లో హెగెలు మరణింపగా ఆస్తి వెంటనే పంపక మయ్యెను. ఉన్న రాజ్యమును, మతమును సమర్థించుటకు కొందఱు ఆయన మాటలను వాడుకొనిరి. ఉన్నదానిని తలక్రిందు చేయుటకు కొందఱు వాడుకొనిరి. ఈ రెండవవర్గము బలపడుట చూచి ప్రష్యారాజు 1841లో వృద్ధుడైన షెల్లింగును బెర్లినునకు పిలిపించెను. ఆ యుపన్యాసములను వినిన శ్రోతలలో ఏంగెల్సు, కీర్కెగార్డు, బకూనిను కలరు. సామ్యవాదమునకు, అస్తిత్వవాదమునకు, అరాజకవాదమునకు ముఖ్యులగువారు ఒక్క గదిలో కూర్చుండి, ఒక్క గురువును విని, ముగ్గురును అసంతృప్తులై వెడలిరి. రాజు నాటిన విత్త నొకటి, మొలచిన మొక్క లనేకము.

ఇరువదవ శతాబ్దమున దాయాదులను వెదకుట మాని, నేరస్థులను వెదకుట మొదలయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున లండనుపై జర్మను విమానములు బాంబులు వేయుచుండగా, ఆంగ్లపండితుడు హాబ్‌హౌసు ఆ విధ్వంసమునకు మూలము హెగెలుయొక్క రాజ్యసిద్ధాంతమని తలచి 1918లో గ్రంథమును ప్రకటించెను. 1945లో పాపరు అదే నేరారోపణమును మఱింత తీవ్రముగా చేసెను. వీరి వాదమున కొంత సత్యము కలదు గాని, గ్రంథమే సేనను నడపినదనుట సాక్ష్యమునకు మించిన మాట. 1961లో యెరూషలేమున విచారింపబడిన ఐక్‌మను, తాను జీవిత మంతయు కాంటు నీతిని అనుసరించితినని బోనునుండి చెప్పెను. లక్షలాది మనుష్యులను మృత్యుశిబిరములకు తరలించినవాడు, ధర్మము తనకు తాను విధించుకొనవలసినదని చెప్పినవాని పేర, పైవాని యాజ్ఞను పాటించితిననెను. దొంగసాక్షి పలికినంత మాత్రమున వీలునామా చెడదు. కాని వీలునామాను ఎట్లు దొంగిలింతురో తెలియును. ‘నీ ధర్మమును నీవే విధించుకొనుము’ అను మాటలో నుండి ‘నీవే’ అను పదమును తీసివేసిన చాలును, విధేయత మాత్రమే మిగులును.

ఋణముల సంగతిని దాటవేయుట న్యాయము కాదు. మనము ఉత్తమర్ణులమే యగుదుము. మనుష్యులందఱియందును గౌరవమును చూపవలెనని వ్రాసిన కాంటు, 1770 దశకమునుండి వ్రాసిన జాతివిభాగవ్యాసములయందును, తన పాఠములయందును, తెల్లజాతిని మిన్నగాను ఇతరులను తక్కువగాను నిర్ణయించెను. హెగెలు భారతదేశమును చరిత్ర లేని దేశముగా వర్ణించి, ఆసియారాజ్యములు ఐరోపీయులకు లోబడుట విధివిధానమనెను. ఆయనయే 1827లో భగవద్గీతపై హుంబోల్టు చేసిన పరిశోధనమును సుదీర్ఘముగా సమీక్షించెను. చదివియు ఆ తీర్పే చెప్పెను. ఇందుకు ప్రతిగా, కాంటు 1795లో వెలువరించిన ‘శాశ్వతశాంతి’ గ్రంథమున, వర్తకస్థానముల నెపమున హిందూస్థానమునకు విదేశసేనలను తెచ్చి ప్రజలను పీడించిన ఐరోపీయులను స్పష్టముగా గర్హించెను. ఒక్క పద్దులో అప్పును జమయు రెండును కలవు.

తండ్రి ఋణమును తీర్చుట పుత్రునకు ధర్మమని మన పూర్వస్మృతులు విధించినవి. కాని జూదమునకును మద్యమునకును చేసిన ఋణమును, అనగా అవ్యావహారిక ఋణమును, పుత్రుడు తీర్చ నక్కఱలేదనినవి. 2005 నాటి చట్టసవరణము ఆ పుత్రబాధ్యతను అటుపై చేయు ఋణముల విషయమున తొలగించినది గాని, ఆ వివేకము నేటికిని పనికివచ్చును. జాత్యహంకారము ఆ తత్త్వవేత్తల అవ్యావహారిక ఋణము. దానిని మనము మోయనక్కఱలేదు, దాచను కూడదు. వారి నియమముతోనే వారి తప్పును తూచవలెను.

మన పెద్దలు ఈ పనిని చేసియే యున్నారు. తిరుత్తణిలో స్థిరపడిన తెలుగు కుటుంబమున 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణను, మదరాసు క్రైస్తవకళాశాలలో విద్యార్థిగా నుండగా, వేదాంతమున నీతికి చోటులేదను క్రైస్తవపండితుల యాక్షేపణము నెదుర్కొని, 1908లో వేదాంతనీతిపై వ్యాసమును ప్రకటించెను. జర్మనులనుండి ఆక్స్‌ఫర్డు పండితులు గ్రహించిన భావవాదపు పరిభాషనే ఆయన కైవసము చేసికొని, 1932లో ‘భావవాది జీవితదృష్టి’ యను గ్రంథమును ప్రకటించునప్పటికి, చరిత్ర లేదన్నవారి వారసులకు వారి భాషలోనే బదులు చెప్పగలవా డయ్యెను. అంతకుముందే మాండలే చెఱసాలలో తిలకు గీతారహస్యమును వ్రాయుచు కాంటును, గ్రీనును గీతతో సరిపోల్చి చూచెను. వీరెవ్వరును అనుమతి కోరి ఆ యాస్తిని అనుభవింపలేదు.

నేడు ఆ యాస్తి జీవించియున్నది తత్త్వశాస్త్రపు తరగతులలో కంటె న్యాయస్థానములయందే యెక్కువ. 1949 నాటి జర్మను రాజ్యాంగపు ప్రథమాధికరణము మానవగౌరవము అలంఘ్యమని శాసించినది. 2006 ఫిబ్రవరిలో అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము ఒక కఠినమైన ప్రశ్నను తీర్చవలసివచ్చినది. దుండగులు విమానమును వశపఱచుకొని జనులపైకి నడపునప్పుడు, అందు నిరపరాధులైన ప్రయాణికు లున్నను దానిని కూల్చివేయుటకు ఒక చట్టము సైన్యమునకు అనుమతి నిచ్చినది. న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది. ఇతరులను కాపాడుటకై నిరపరాధులను వస్తువులవలె వాడుకొనుటకు రాజ్యమునకు హక్కు లేదని తీర్పు చెప్పినది. మన రాజ్యాంగపీఠికయందును వ్యక్తిగౌరవము పేర్కొనబడినది. 2017లో పుట్టస్వామి వ్యాజ్యమున మన సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యతాహక్కును ఆ గౌరవముపైననే నిలిపిరి.

మొదటి వ్యాజ్యమునకు తిరిగి వత్తము. ‘శాశ్వతశాంతి’ని కాంటు ప్రష్యాకును ఫ్రాన్సుకును సంధి కుదిరిన యేటనే, పోలెండును పొరుగురాజ్యములు మూడవమాఱు పంచుకొని మాయము చేసిన యేటనే ప్రకటించెను. భావియుద్ధమునకు బీజమును లోపల దాచుకొని చేసికొనిన సంధి సంధి కాదనియు, స్వతంత్రరాజ్యమును సొత్తువలె కొనుట, అమ్ముట, కానుక యిచ్చుట కూడదనియు, పరరాజ్యముయొక్క వ్యవస్థయందు బలముతో జోక్యము చేసికొనరాదనియు అందు నియమించెను. యుక్రెయినుపై 2022లో జరిగిన దండయాత్ర ఈ నియమముల యెదుట నిలువదు. మా పూర్వులు ఏలిరి గనుక ఈ భూమి మాదని వాదించువాడు కాంటు వాకిట కాదు, చరిత్ర వాకిట నిలిచినవాడు. అందును హెగెలు చెప్పని చరిత్ర వాకిట. కాంటును నిందించిన గవర్నరు ఒకవిధముగా అధ్యక్షునికంటె నిజము పలికెను. ఆ ధర్మము తమకు ప్రతికూలమని ఆయన గ్రహించినాడు.

అయినను రెండవపక్షమునకు తీర్పు ఖర్చులతో సహా ఇచ్చుటకు మేము సిద్ధముగా లేము. శత్రువునకు మాత్రమే వర్తించు నియమము కాంటు దృష్టిలో నియమమే కాదు. 2003లో ఇరాకుపై దండెత్తిన రాజ్యములను ఇదే తక్కెడలో తూచవలెను. మిత్రుడు చేసినపుడు మౌనము వహించి, విరోధి చేసినపుడు కాంటును స్మరించువారు కాంటును సాధనముగా వాడుకొనుచున్నారు. మన దేశమును ఈ విచారణకు వెలుపలిది కాదు. చవుకగా దొరకు చమురును, చిరకాలపు స్నేహమును లెక్కించునపుడు, ఈ ప్రశ్నను మనకు మనమే వేసికొనవలసియున్నది.

మా తీర్పిది. సమాధిని కాపాడుచున్నవాడు ధర్మకర్త మాత్రమే. భాషను పలుకుచున్నవాడు బంధువు మాత్రమే. తన బలమునుగూర్చి ‘ఏ హక్కున?’ అని ఎదుటివాడు అడిగినపుడు, వాని నోరు మూయక, నిలిచి, అందఱికిని చెల్లు సమాధానమును చెప్పగలవాడే కాంటునకు వారసుడు. ఆ వారసత్వమునకు పుట్టుక అక్కఱలేదు, పాస్‌పోర్టు అక్కఱలేదు. మూడువందల యేండ్ల తరువాత ఆ యాస్తి ఇంకను పంపకము కాక మిగిలియున్నదన్న, దానిని కోరువారు తక్కువ యగుటచేత కాదు. ఆ ప్రశ్నకు బదులు చెప్పువారు తక్కువ యగుటచేతనే.